ఆ పాట ఎందుకంత నెమ్మది

ఆ ఆదివారం మధ్యాహ్నం బ్రాక్‌హర్స్ట్ బొగ్గుగని కంప్రెసర్ గదిలో ఉన్నవారు, వచ్చిన వరుసలో, వీరు: ఉదయం నుంచీ గనిలోకి గాలి తోసే తన యంత్రం పక్కనే ఉన్న ఆల్బర్ట్ మూర్‌క్రాఫ్ట్, టెలిఫోను చేరువలో నిలబడిన మేనేజరు పెంబర్టన్ గారు, ఉప మేనేజరునైన రోలండ్ బాగ్నల్ అనే నేను, ఎవరూ పిలవకుండా వచ్చిన దీపాల గది ఉద్యోగి నెవిల్ షెంటన్, చిట్టచివర, పసిపిల్లల పాత తోపుడుబండి నెట్టుకుంటూ వచ్చిన శ్రీమతి ఫ్లోరీ కోల్‌క్లఫ్. ఆ బండిలో పసిపిల్ల లేదు. ఈ అయిదుగురు తప్ప ఆరో మనిషి ఆ గదిలో లేడు. తామూ అక్కడే ఉన్నామని తరువాతి కాలంలో చెప్పుకున్నవారిలో ఇద్దరు విలేకరులూ, ఒక రికార్డు కంపెనీ పెద్దమనిషీ ఉన్నారు. వారి మాటను నేను ఖండిస్తున్నాను.

ఖండించవలసిన అవసరం ఉంది. ఆ గదిలో జరిగినదాని నుంచి ఒక పాట పుట్టింది. ఆ పాటలో డ్రమ్ము కొన్ని దెబ్బలు వేసి ఆగిపోతుంది. రికార్డు చెడిపోయిందేమో అని వినేవాడు లేచి చూసేంత నిశ్శబ్దం. ఆ తరువాత గిటారు జవాబిస్తుంది, శవపేటిక మోసేవారి నడకంత నెమ్మదిగా. ఆ నెమ్మదికి మత్తుమందులు కారణమని కొందరు రాశారు, సైతాను పూజ కారణమని కొందరు రాశారు. నన్ను అడిగినవారు లేరు కనుక అడగకుండానే చెబుతున్నాను.

మా గనిలో బొగ్గు పొరకు ఒక దుర్గుణం ఉండేది. తవ్వగా మిగిలిన బొగ్గు ఎవరి ప్రమేయమూ లేకుండా తనలో తాను వేడెక్కి రాజుకునేది. 1969 ఫిబ్రవరిలో ఆ ఆదివారం అదే జరిగింది. తవ్వకం లేని రోజు కనుక మరమ్మతుల వాళ్ళే దిగారు. కార్మికుల భద్రత చూసే డిప్యూటీ ఎనాక్ మేచిన్, ఫిట్టర్ డెరెక్ కోల్‌క్లఫ్ అందరికన్నా లోపలికి, చివరి పంపు దగ్గరకు వెళ్ళారు. వారికీ, పైకి తెచ్చే షాఫ్టుకూ మధ్య దారిలో పొగ లేచింది. మిగతావారంతా పైకి వచ్చి దీపాలు అప్పగించారు. దీపాల గదిలో రెండు కొక్కేలు ఖాళీగా మిగిలాయి. ఆ రెండు కొక్కేలనూ చూస్తూ నెవిల్ నిలబడి ఉండటం నేను గమనించాను.

నిప్పుకు గనివాయువు తోడైతే పేలుడే. అందుకు నియమం ఒకటే: దారికి అడ్డంగా గోడ కట్టి, గాలి అందకుండా మూసి, నిప్పును చంపాలి. ఆ తరువాత దిగిన పన్నెండు మంది ఇసుక బస్తాలతో ఆ గోడ కడుతున్నారు. మనిషి దూరేంత సందు మాత్రం ఉంచి, పై నుంచి ఫోను కోసం చూస్తున్నారు. శ్వాస యంత్రాలు తగిలించుకున్న రెస్క్యూ దళం ఒకసారి లోపలికి వెళ్ళి, పొగలో దారి దొరకక వెనక్కు వచ్చింది. విషవాయువు పసిగట్టడానికి వారు తీసుకువెళ్ళిన కానరీ పిట్ట గూటి అడుగున చచ్చి పడి ఉంది. ఆ సందు కూడా మూస్తే నెలల తరబడి తెరవడానికి లేదు. లోపల ప్రాణంతో ఎవరైనా ఉంటే వారిని బతికుండగానే పూడ్చినట్టు. మూయకపోతే ఆ పన్నెండు మందీ ఏ క్షణాన పోతారో తెలియదు. పెంబర్టన్ గారు మూయడానికే సిద్ధపడ్డారు. నియమం ప్రకారం అది సరైన నిర్ణయం. ఈనాటికీ నేను అదే అంటాను.

లోపల ఉన్న ఇద్దరికీ ఒకరితో ఒకరికి మాటలు లేవన్న సంగతి ఇక్కడ చెప్పాలి. కార్మికుల హాలుకూ ఎనాక్ ఇంటికీ ఒకటే గోడ. హాలు వెనక గదిలో డెరెక్ గిటారు, నెవిల్ డ్రమ్ములు, ఇంకో ఇద్దరు స్నేహితులు కలిసి వాయించేవారు. ఎనాక్ మెథడిస్టు చాపెల్‌లో కీర్తనలు నడిపించే పెద్దమనిషి. చేతికర్రతో నేల మీద తాళం వేసేవాడు. ఎవరైనా తొందరపడి ఒక్క మాట ముందు పాడితే కర్ర ఆగేది, చూపు వాళ్ళ మీద పడేది. హాలు కమిటీ అధ్యక్షుణ్ణి కనుక ఆయన ఫిర్యాదులు నాకే వచ్చేవి.

“ఒకటే ముక్క, బాగ్నల్ గారూ! సాయంత్రం మొదలెడితే పడుకునేదాకా అదే ముక్క. అది పాటైతే మా పంది కూడా కచేరీ చేస్తుంది. పోనీ తిన్నగా వాయిస్తారా? ఆ పరుగేంటి? వెనక కుక్కలు పడ్డాయా వాళ్ళకి?”

ఆ ఉదయం ఇద్దరూ ఒకే పంజరం లిఫ్టులో, చెరో గోడవైపు తిరిగి, గనిలోకి దిగారని ఆల్బర్ట్ చెప్పి నవ్వాడట. పొగ వార్త వచ్చాక ఇక నవ్వలేదు.

నెవిల్ కంప్రెసర్ గదిలోకి టోపీ తీయకుండా వచ్చాడు.

“అయ్యా, మిషనాపండి.”

“నిన్నెవరు రానిచ్చారు?” అన్నారు పెంబర్టన్ గారు.

“ఈ గాలి పైపు ఆ పంపు దాకా పోతుంది. బతికుంటే వాళ్ళు దాన్నే కొడుతుంటారు. ఈ రొదలో మనకేం వినబడుద్ది?”

ఆల్బర్ట్ చేతిగుడ్డ కింద పెట్టాడు. “ఆపితే గాలి కూడా ఆగుద్ది రా. బతికుంటే ఆ పైపుకి నోరు పెట్టుకునే బతికుంటారు. నువ్వు వినాలని వాళ్ళ ముక్కు మూయమంటావా?”

వినాలంటే ఊపిరి ఆపాలి. వినకపోతే గోడ మూయాలి.

“బాగ్నల్, మీరేమంటారు?” అన్నారు పెంబర్టన్ గారు.

“ఒకసారి విందాం సార్. వినకుండా మూసేస్తే ఈ ఊళ్ళో మనం తలెత్తుకుని నడవలేం.”

ఆల్బర్ట్ యంత్రం ఆపాడు. మా గనిలో ఆచారం ఉంది: పైపుకు చెవి పెట్టేటప్పుడు అందరూ టోపీలు తీస్తారు, బూటు కదపరు, దగ్గు వచ్చినా మింగుతారు. నేను చల్లని ఇనుముకు చెవి ఆనించాను. దూరాన ఏదో గొణుగుడు. అంతే. మైలు దూరపు పైపు నా చెవికి ఏమీ చెప్పలేదు.

“చెవి చాలదండీ,” అన్నాడు నెవిల్. “డెరెక్ యాంప్లిఫయర్ పెట్టె తెస్తా. మైకు పైపుకి కట్టేద్దాం. దోమ తుమ్మినా వినబడుద్ది దాంట్లో.”

కింద నుంచి తరువాతి వాయువు లెక్క వచ్చేదాకా ఆగుతానని పెంబర్టన్ గారు అన్నారు. ఆల్బర్ట్ కంప్రెసర్ మళ్ళీ తిప్పాడు. నెవిల్ పరుగెత్తాడు.

తిరిగి వచ్చేటప్పటికి అతని వెంట డెరెక్ తల్లి ఉంది. గేటు దగ్గర గుమిగూడిన ఆడవాళ్ళను తోసుకుంటూ, వీధి పొడవునా ఆ తోపుడుబండిని ఆమే నెట్టుకొచ్చింది. అందులో బిడ్డ పడుకోవలసిన చోట నల్లటి పెట్టె.

“జరగవయ్యా మేనేజరూ, చక్రం నీ కాలెక్కుద్ది.”

“అమ్మా, మీరు బయట ఉంటే...”

“ఏడాదిగా మా ముందుగదిలో బీరువా అంత జాగా తిని కూచుంది ఈ పెట్టె. ఇయ్యాలైనా తిన్న జాగాకి పని చెయ్యనీ.” ఆమె వేళ్ళు బండి పిడిని వదలలేదు. “బండి కూడా వాడిదే. ఇందులోనే వాణ్ణి ఊరంతా తిప్పా.”

పెంబర్టన్ గారు కాలు వెనక్కు తీసుకున్నారు. మైకును ఆల్బర్ట్ టోపీలో చుట్టి, నా నడుముపట్టీతో పైపుకు బిగించాం. కంప్రెసర్ ఆగింది. నెవిల్ పెట్టె మీది మర తిప్పాడు.

నేను ముప్ఫై ఏళ్ళు గనిలో దిగాను. గని గొంతు మాత్రం అంతవరకు వినలేదు. మొదట వచ్చింది ఊపిరి. పెద్ద జంతువు నిద్రలో తీసే ఊపిరి వంటిది, లోపలికీ బయటికీ, లోపలికీ బయటికీ. గది కిటికీ అద్దాలు సన్నగా వణికాయి.

“నిప్పు,” అన్నాడు ఆల్బర్ట్ నెమ్మదిగా. “అది నిప్పే.”

దాని మీద కర్ర విరిగిన చప్పుళ్ళు, ఎక్కడో రాయి జారిన గరగర. వాటన్నిటి నడుమ, స్పష్టంగా: టక్. టక్ టక్. టక్.

“వాడే!” అంది ఫ్లోరీ. “అదిగో, కొడుతున్నాడు!”

“వేడికి ఇనుము సాగుతుందమ్మా,” అన్నారు పెంబర్టన్ గారు, ఎంతో మెత్తగా. “అతుకుల దగ్గర అలాగే చప్పుడవుతుంది.”

నేను పెద్ద రెంచి తీసుకుని పైపు మీద గని సంకేతం కొట్టాను. మూడు దెబ్బలు: మనుషులున్నారు. బతికున్నవాడు మూడుతోనే జవాబివ్వాలి. వచ్చినవి రెండు. తరువాత ఒకటి. తరువాత నాలుగు. మళ్ళీ కొట్టాను. ఈసారి మూడు వచ్చాయి.

“మూడొచ్చాయి!” అన్నాను.

“వెనకే అయిదు వచ్చాయి, వినలేదా?” అన్నారు పెంబర్టన్ గారు. “ఇనుము ఎన్నైనా కొడుతుంది, బాగ్నల్. మనకి కావలసినవి మనం ఏరుకుంటున్నాం.”

ఆ మాట నిజం. అంతకన్నా భయంకరమైన నిజం నేను ఎరుగను. లోపల ఎవరైనా మూడు కొడుతున్నా, ఆ చప్పుళ్ళ వానలో ఏది చినుకో ఏది మనిషో చెప్పే దారి లేదు.

టెలిఫోను మోగింది. గోడ దగ్గరి మేస్త్రీ గొంతు మా అందరికీ వినబడింది. “వాయువు పెరిగిందండీ. కుర్రాళ్ళు చెమటలు కక్కుతున్నారు. మూసెయ్యమంటారా?”

పెంబర్టన్ గారు ఫోను పట్టుకుని నా వంక చూశారు. ఆ చూపులో అధికారం లేదు. పన్నెండు మంది ఒకవైపు, ఇద్దరు ఇంకోవైపు. ఆ ఇద్దరూ ఉన్నారో లేదో తెలియదు.

నెవిల్ నా చేతిలోని రెంచి లాక్కున్నాడు. “మూడు ఎవడైనా కొడతాడు, ఇనుము కూడా కొడుద్ది. మా పాట మాత్రం ఇనుముకి రాదు.”

అతను పైపు మీద కొట్టాడు. ధం. ధం ధం. ధమ్. కొట్టి ఆగాడు. అది సగం పాట. మిగతా సగం గిటారుది. డ్రమ్ము అడుగుతుంది, గిటారు చెబుతుంది. హాలు వెనక గదిలో వందలసార్లు వాళ్ళు చేసింది అదే.

గని ఊపిరి తీసింది. టక్ టక్. టక్. అంతే.

మళ్ళీ కొట్టాడు. మళ్ళీ ఆగాడు. ఆల్బర్ట్ కంప్రెసర్ మీట పట్టుకున్నాడు. “చాలు నెవిల్. పాపం రా. అక్కడ వాళ్ళకి గాలాడదు.”

“ఒక్కసారి, మామా. ఒక్కసారి.”

మూడోసారి కొట్టాడు. నేను ఊపిరి బిగపట్టుకున్నానని అప్పుడు తెలిసింది. ఛాతీలో నొప్పి పుట్టేదాకా బిగపట్టాను. కింద ఉన్నవాడి వంతు నేను పంచుకోగలిగినట్టు.

అప్పుడు వచ్చింది.

ధమ్.

చాలాసేపు ఏమీ లేదు. కొట్టే చేయి పడిపోయిందనుకున్నాం.

ధమ్.

ధం ధమ్.

ఇనుము చప్పుళ్ళు చుట్టూ చినుకుల్లా రాలుతుంటే, వాటి మధ్య నుంచి అది తలవంచకుండా నడిచి వచ్చింది. నెవిల్ చేయెత్తి మమ్మల్ని ఆపి, ఇంకోసారి అడిగాడు. అదే జవాబు. అదే నడక. వెంట్రుకవాసి తేడా లేదు.

“లోపల మనిషున్నాడు,” అన్నారు పెంబర్టన్ గారు ఫోనులో. “గోడ ఆపండి. మనిషున్నాడు. రెస్క్యూ వాళ్ళని మళ్ళీ పంపండి. పైపు పట్టుకుని దాని వెంటే పొమ్మనండి.”

“ఒక్కడేనాండీ?”

“ఒక్కడైనా.”

“మరి మావాళ్ళు వెనక్కి రావాలాండీ?”

“రావచ్చు. వాళ్ళ ఇష్టం.”

అవతల కాసేపు గుసగుసలు. “ఎవరూ రారంటున్నారండీ. బస్తాలు పట్టుకుని ఉంటారంట.”

ఆల్బర్ట్ మీట లాగాడు. కంప్రెసర్ మొరిగింది. యంత్రం చప్పుడు నాకు అంత తియ్యగా ఎన్నడూ వినిపించలేదు. అప్పుడు చూశాను ఫ్లోరీని. ఆమె నవ్వడం లేదు.

“అది మావాడు కాదు,” అంది.

“పిన్నీ...”

“వాడికి నిదానం ఎక్కడిది? బంగాళాదుంప నోట్లో ఉండగానే వీధిలో ఉంటాడు. చెప్పు నెవిల్. అది మావాడా?”

నెవిల్ ఆమె ముఖం చూడలేకపోయాడు. “డెరెక్ ఎప్పుడూ ముందుకురుకుతాడు. ఎన్నిసార్లు తిట్టానో. ఇది... ఇది ముసలాయన, పిన్నీ. గోడ అవతల నుంచి విని విని ఉంటాడు.”

గోడ అవతల నుంచి. ఏ పాటను ఆపించమని ఆయన నా కమిటీకి మొర పెట్టుకున్నాడో ఆ పాట. డెరెక్ బతికుంటే, ఆ పాటకు జవాబు డెరెక్ ఇవ్వకుండా ఎనాక్ ఎందుకిస్తాడు? ఆ ప్రశ్న గదిలో అందరికీ వచ్చింది.

ఫ్లోరీ తోపుడుబండి అంచున కూర్చుంది. “ఇంకోసారి ఆపించి అడుగు. నా కొడుకున్నాడా అని అడుగు.”

“అలా అడగడానికి దెబ్బల్లో మాట లేదు, పిన్నీ.”

వాయువు లెక్క పెరిగిందని ఒకసారి ఫోను వచ్చింది. ఇంకొంచెం పెరిగిందని మరోసారి వచ్చింది. నేల కింద నుంచి రావలసిన పేలుడు అదురు కోసం నా అరికాళ్ళు కాచుకుని ఉన్నాయి. పెంబర్టన్ గారి పెదవులు కదులుతున్నాయి. ప్రార్థనో, లెక్కలో, నేను అడగలేదు. మూడోసారి ఫోను మోగినప్పుడు ఎత్తడానికి ఆయన చేయి రాలేదు. నేనే ఎత్తాను.

“ఇద్దరూనండీ,” అంది మేస్త్రీ గొంతు. “ఇద్దరూ ఉన్నారు. తెస్తున్నారు. సందు మూసేస్తున్నాం.”

రెస్క్యూ దళ నాయకుడు నాకు తరువాత చెప్పింది ఇది. పంపుకు అవతల, దారి ముగిసేచోట, ఎనాక్ తడిపిన గోనెపట్టా తెరగా కట్టాడు. పైపు చివరి మర విప్పాడు. దానికి ఒక్క నోరే పడుతుంది. డెరెక్ అప్పటికే పొగకు స్పృహ తప్పాడు. అతని ముఖం జారిపోకుండా ఎనాక్ తన మఫ్లరుతో అతని తలను ఆ మరకు కట్టేశాడు. తాను నేలకు ముక్కు ఆనించి, ఆ కుర్రవాడు వదిలిన గాలిలో మిగిలినదేదో పీల్చుకుంటూ పడుకున్నాడు. గాలి ఆగినప్పుడల్లా పైన వింటున్నారని ఆయనకు అర్థమైంది. తెర వదిలి, పొగలోకి పాకి, పైపు అతుకు దగ్గర స్పానరుతో కొట్టి, మళ్ళీ పాకి వచ్చాడు. మూడు కొట్టాడట, చాలాసార్లు. మేము ఇనుమనుకున్నవాటిలో ఆయన దెబ్బలు ఉన్నాయన్నమాట. తరువాత ఆ పాట వినబడింది.

డెరెక్‌ను వాకిట్లోకి తెచ్చేటప్పటికి ఇంకా వెలుగు ఉంది. బుగ్గలు గులాబీల్లా ఉన్నాయి. “చూడు, ఎంత కళగా ఉన్నాడో,” అంది గేటు దగ్గర ఎవరో, పొరుగూరి మనిషి. ఫ్లోరీ మూడు తరాల గని ఇంటి ఆడది. ఆ ఎరుపు ఆరోగ్యం కాదని, విషవాయువు రంగని ఆమెకు తెలుసు. ఆమె స్ట్రెచరు పక్కన పరుగెడుతూ వాడి చెంప మీద చెళ్ళున కొట్టింది. వాడు దగ్గాడు. అప్పుడు ఆమె కూలబడి ఏడ్చింది.

ఎనాక్‌ను చూడటానికి నేను ఆసుపత్రికి వెళ్ళాను.

“ఆ పాట మీకెలా గుర్తుంది?” అని అడిగాను.

“నా నిద్ర తిన్న పాట నాకు గుర్తుండదా? ఎలకని పిల్లి మర్చిపోద్దా?”

“మరి అంత నెమ్మదిగా ఎందుకు కొట్టారు? ఓపిక లేకనా?”

ఆయన నా వంక జాలిగా చూశాడు. “అదే దాని నడక, బాగ్నల్ గారూ. వాళ్ళకే తెలీదు.”

డెరెక్ కోలుకుని గిటారు పట్టిన మొదటి సాయంత్రం, కమిటీ తరఫున నేను హాలు వెనక గదిలో ఉన్నాను. నెవిల్ అడిగాడు. డెరెక్ ఎప్పటిలాగే ఉరికాడు. నెవిల్ కర్రలు కింద పెట్టాడు.

“అలా కాదు రా. ఆయన కొట్టినట్టు కొట్టు.”

“నేను వినలేదు కదా. నేను చచ్చి పడున్నా.”

“నేను విన్నా. నేను చెప్తా. ముందు ఆగు. ఇంకా ఆగు. చాలదు, ఇంకా.”

డెరెక్ ఆగాడు. ఆ తరువాత ఒక్కొక్క దెబ్బగా వాయించాడు. ఆ పెట్టెలో నుంచే, అదే నల్లటి పెట్టెలో నుంచే, ఆ జవాబు వచ్చింది. నేను కుర్చీ అంచు పట్టుకున్నాను. గని ఊపిరి నాకు మళ్ళీ వినబడింది. రికార్డు చేసేటప్పుడు కంపెనీవారు వేగం పెంచమన్నారు. నలుగురూ ఒప్పుకోలేదు. ఆ పాటలోని నిశ్శబ్దం, అయిదుగురం ఊపిరి బిగపట్టిన నిశ్శబ్దం. అంతకు మించి అందులో సైతాను ఎవడూ లేడు.

రికార్డు అట్ట మీద కృతజ్ఞతలలో తన పేరు వేయడానికి ఎనాక్ ససేమిరా అన్నాడు. “ఆ కుంపటి పాట మీద నా పేరా? చాపెల్‌లో నా ముఖం ఎక్కడ పెట్టుకోను?” అయితే కమిటీకి ఆయన నుంచి ఫిర్యాదులు మళ్ళీ రాలేదు. కుర్రవాళ్ళు వాయిస్తూ వాయిస్తూ తొందరపడినప్పుడు మాత్రం, గోడ అవతల నుంచి చేతికర్ర మూడుసార్లు మోగేది. వాళ్ళు ఆగి, మళ్ళీ మొదలుపెట్టేవారు. ఆ పొగ ఆయన ఊపిరితిత్తులను వదలలేదు. కొన్నేళ్ళకు అదే ఆయనను తీసుకుపోయింది. అంత్యక్రియలలో కీర్తనకు తాళం వేసింది నెవిల్. ఎవరూ ఒక్క మాట ముందు పాడలేదు.

ఆయన బతికుండగా ఆయన కోరికను మన్నించాను. ఇక ఆ బాధ్యత తీరింది కనుక ఇది రాస్తున్నాను. బ్రాక్‌హర్స్ట్ గని డిప్యూటీ, చాపెల్ కీర్తనల పెద్ద ఎనాక్ మేచిన్, తన వంతు గాలిని తనకు గిట్టని కుర్రవాడి నోటికి కట్టి, తనకు గిట్టని పాటకు పొగలో పాకివెళ్ళి, తాళం తప్పకుండా జవాబిచ్చి, ఒక ప్రాణం నిలిపారు. ఆ గని చివరి ఉప మేనేజరు హోదాలో, గోడ దగ్గర కదలకుండా నిలిచిన పన్నెండు మంది తరఫునా, ఆ రోజు ఆ గదిలో ఉన్న అయిదుగురి తరఫునా, వారికి నా గౌరవపూర్వకమైన కృతజ్ఞతను ఇందుమూలంగా తెలియజేస్తున్నాను.